ఏటి ఆలుచిప్పలు – వాటి ఆనవాళ్లు

మంచిర్యాల పట్టణములో ఏదో ఒక వీథిలో ఇల్లు కట్టుచుండని కాలము లేదు. తాపీపనివారు గోదావరి ఇసుకను జల్లెడ పట్టినపుడు, పైన మిగిలిన గులకరాళ్లలో శనగగింజ మొదలు రూపాయి బిళ్ల వరకు పరిమాణము గల చిన్న గుల్లలు కనబడును. అదే వీథిలోని పాత ఇండ్ల వంటగదులలో, నడుమ చిల్లి పడునట్లు రాతిపై అరగదీసి, మామిడికాయ చెక్కు తీయుటకు ఉంచుకొన్న పెద్ద ఆలుచిప్ప ఉండవచ్చును. పిల్లలు ఏటి ఒడ్డున ఏరి తెచ్చినవానిలో, ఈ రెంటికి నడుమ పరిమాణము కలిగి, లోపల లేత గులాబివన్నె మెరుగు గల చిప్ప మరియొకటి. ఈ మూడింటిని మనము ఆలుచిప్ప అనియే పిలుతుము. చిన్నది ఎదిగి నడిమిది అగుననియు, నడిమిది ఎదిగి పెద్దది అగుననియు పలువురు తలంతురు. అది సరికాదు. ఇవి మూడును వేరువేరు జంతువులు కట్టుకొన్న ఇండ్లు. చిన్నది ఎంతకాలము బ్రతికినను చిన్నదే.

ఈ భేదము తెలిసికొన్నందువలన గృహస్థునకు కలుగు ప్రయోజనమేమి అని అడుగవచ్చును. మూడు ప్రయోజనములు కలవు. మొదటిది ధనమునకు సంబంధించినది. మంచినీటి ముత్యముల పెంపకమును గూర్చి ఇటీవలి సంవత్సరములలో మన జిల్లాల రైతులు ఆసక్తి చూపుచున్నారు. చిప్ప జాతి నెరుగక పెట్టుబడి పెట్టినవాడు ఏడాది కష్టమును నీట విడిచినవాడగును. రెండవది నదికి సంబంధించినది. ఏ జాతి ఎచ్చట ఉన్నది, ఎచ్చట కనుమరుగైనది అను సంగతి నది ఆరోగ్యమును తెలుపు సాక్ష్యము. మూడవది మన నేల చరిత్రకు సంబంధించినది. ఆదిలాబాదు కొండలలో రాతిగా మారిన చిప్పలు కలవు. వానిని చదువుటకు కూడ ఈ ఆనవాళ్లే అక్షరములు.

ముందుగా చిప్ప నిర్మాణమును పరిశీలింతము. ఆలుచిప్పకు రెండు పలకలు ఉండును. ఆ రెంటిని కలిపి పట్టునది పైయంచున ఉన్న కీలు. కీలు దగ్గర చిప్ప వెలుపల ఉబ్బెత్తుగా నుండు భాగమును మేము ఇచ్చట మూపు అని వ్యవహరింతుము. చిప్ప పెరుగుట మొదలైనది ఆ మూపు కడనే. దాని చుట్టు అంచెలంచెలుగా పేర్చినట్లు కనబడు గీతలు వృద్ధిరేఖలు. ఆహారము కొరవడినపుడు, నీరు తగ్గినపుడు పెరుగుదల ఆగి గీత పడును. కావున ఒక గీతకు ఒక ఏడు చొప్పున లెక్కించి వయసు చెప్పుట తగదు.

చిప్ప గోడలో పొరలు కలవు. వెలుపలిది గోధుమ, నలుపు లేక ఆకుపచ్చ రంగుగల పలుచని తోలు వంటి పొర. దాని క్రింద సున్నపు పొర. గోదావరి చిప్పలలో అనేకమునకు అన్నింటికన్న లోపల మెరుగుగల ముత్యపు పొర ఉండును. లోపలి గోడపై రెండు చివరల గుండ్రని మచ్చలు రెండు కనబడును. ప్రాణి బ్రతికియున్నపుడు చిప్పను గట్టిగా మూయు కండరములు అచ్చట అతుకుకొని యుండెను. చచ్చిన చిప్ప నోరు తెరచుకొని యుండుటకు కారణమిదియే. మూయు కండరము సడలినది. తెరచు కీలుబంధము మాత్రము సాగిన రబ్బరువలె తన పని తాను చేయుచున్నది.

ఏది కుడిపలక, ఏది ఎడమపలక అని తెలియనిచో తరువాతి గుర్తులు తికమక పెట్టును. మూపు పైకి ఉండునట్లు చిప్పను చేత పట్టుకొనుడు. ఏటి ఆలుచిప్పలో మూపు సరిగా నడుమ ఉండదు. ఒక చివరకు దగ్గరగా జరిగి యుండును. ఆ పొట్టి చివర ముందుభాగము. ప్రాణి పాదమును చాచి బురదను త్రవ్వుకొనుచు పోవునది ఆ వైపుననే. కీలుబంధము మూపునకు వెనుక భాగమున ఉండును. ముందుభాగమును మీకు ఎదురు దిక్కునకు త్రిప్పి పట్టినచో, మీ ఎడమచేతి వైపున ఉన్నది ఎడమపలక, కుడిచేతి వైపున ఉన్నది కుడిపలక. పొడుగైన వెనుకభాగము బ్రతికియున్నపుడు బురదపైకి తేలి యుండును. నీటిని లోనికి పీల్చి, అందలి సూక్ష్మజీవులను వడగట్టి తిని, మిగిలిన నీటిని వెలుపలికి విడుచు ద్వారములు అచ్చటనే కలవు.

ఇక చిప్పను చేతబట్టి మూడు ప్రశ్నలు వరుసగా అడుగవలెను. ఈ వరుస ముఖ్యము. మొదటి ప్రశ్నకు జవాబు రాకముందే మూడవదానికి పోయినవారే పొరపడుదురు.

మొదటి ప్రశ్న: లోపల ముత్యపు మెరుగు కలదా? చిప్పను ఎండలో అటునిటు వంచి చూడవలెను. పింగాణీగిన్నె వలె తెల్లగానో, ఊదాగానో ఉండి, రంగులు మారు మెరుగు లేనిచో అది కార్బికులా అను చిన్న గుల్ల. ఇసుక జల్లెడలో మిగులునది సాధారణముగా ఇదియే. దక్షిణ భారతదేశపు నదులలో విరివిగా కనబడు దీని జాతులలో కార్బికులా స్ట్రయటెల్లా ఒకటి. కార్బికులా అనగా లాటిను భాషలో చిన్న బుట్ట. మేదరివారి బుట్టపై వరుసలు తీరినట్లు ఈ గుల్లపై మూపు చుట్టు దట్టమైన గట్లు తీరి యుండును. వ్రేలితో తడిమినను తెలియును. ఆకృతి ముక్కోణమునకు దగ్గరగా ఉండును. మూపు ఇంచుమించు నడుమనే ఉండును. కీలు లోపల చూచినచో మూపు క్రింద ప్రతి పలకకు మూడేసి చిన్న పళ్లు, వానికి ముందొకటి వెనుకొకటిగా పొడుగుపాటి పళ్లు కనబడును. ఆ పొడుగు పళ్లపై భూతద్దముతో చూచిన రంపపు పళ్లవంటి సన్నని గాట్లు తెలియును. ఇన్ని గుర్తులు కూడినపుడు సందేహమునకు తావు లేదు. రెండు మూడు సెంటీమీటర్లకు మించి ఈ గుల్ల పెరుగుట అరుదు.

రెండవ ప్రశ్న: మెరుగు కలదు సరే, మూపుపై ముడుతలు కలవా? మూపుపై వంకరటింకరగా, ఒకదానిలో ఒకటి ఇమిడిన కోణముల వలె ముడుతలు తీరియున్నచో అది పారేసియా వర్గమునకు చెందును. మన ప్రాంతమున తెలియవచ్చునది పారేసియా కారుగేటా. కారుగేటా అనగా ముడుతలు పడినది. దీని చిప్ప గుండ్రదనమునకు దగ్గరైన కోలాకారము. పరిమాణమునకు తగినదానికన్న మందము. పొడవు సాధారణముగా మూడు మొదలు ఐదు సెంటీమీటర్లు. వెలుపల పసుపుపచ్చని ఆకువన్నె, కొన్నింటిలో మూపునుండి అంచునకు వ్యాపించిన సన్నని చారలు. లోపలి మెరుగు తరచుగా గులాబివన్నె. కీలుపళ్లు బలిసి, గాళ్లు పడి, చేతికి గరుకుగా తగులును. పిల్లలు ఏరి తెచ్చిన నడిమి చిప్ప ఇదియే.

మూపు దాదాపు నునుపుగా ఉండి, చిప్ప పొడుగై పలుచనైనచో అది లామెల్లిడెన్స్ వర్గము. లామెల్లిడెన్స్ అను మాటకు రేకుపళ్లు గలది అని అర్థము. కీలు కడ చూచినచో పేరు సార్థకమని తోచును. మూపు క్రింది పళ్లు బలిసినవి కావు, పలుచని రేకులు. వాని వెనుక కీలు పొడవునను సాగిన గట్లవంటి పళ్లు ఎడమపలకలో రెండు, కుడిపలకలో ఒకటి ఉండును. కుడిపలకలోని గట్టు ఎడమపలకలోని రెంటి నడుమ సంధిలో ఇముడును. తలుపు గడియ తన గాడిలో పడినట్లు రెండు పలకలు జారక నిలుచుట దీనివలననే.

మూడవ ప్రశ్న అన్నింటికన్న కఠినమైనది. లామెల్లిడెన్స్ వర్గములో తరచుగా ఎదురగు జాతులు రెండు: మార్జినాలిస్, కోరియానస్. మొదటిదానికి ఫ్రాన్సు దేశపు పండితుడు లామార్కు 1819లో పేరు పెట్టెను. రెండవదానికి అమెరికా పండితుడు ఐజాక్ లీ 1834లో పేరు పెట్టెను. మార్జినాలిస్ అనగా అంచునకు సంబంధించినది. ముదురు గోధుమరంగు లేక నల్లని చిప్ప అంచున పసుపుపచ్చని పట్టె, పట్టుచీరకు సరిగంచు వలె, చుట్టివచ్చును. చిప్ప కోలగా, కొంచెము ఉబ్బుగా ఉండును. ఎత్తు పొడవులో ఇంచుమించు సగము. కోరియానస్ చిప్ప మరింత సాగినది, తక్కువ ఉబ్బుగలది. ఎత్తు పొడవులో సగముకన్న తక్కువ. పైయంచు తిన్నగా సాగును. పసుపుపచ్చని పట్టె స్పష్టముగా కనబడదు. ఈ రెండును ఎనిమిది పది సెంటీమీటర్ల వరకు పెరుగును. మామిడికాయ చెక్కు తీయుటకు మన పెద్దలు ఏరుకొన్నవి ఈ వర్గపు చిప్పలే. పలుచనగుట చేత వీని అంచు పదునుగా ఉండును; రాతిపై రుద్దినచో త్వరగా చిల్లి పడును.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసి యున్నది. ఒకే ఒక గుర్తును నమ్మి నిర్ణయము చేయరాదు. రంగును తీసికొందము. ఒడ్డున నెలల తరబడి ఎండలో పడియున్న చిప్పకు పైపొర లేచిపోవును. దానితోపాటు పసుపుపచ్చని పట్టెయు పోవును. అట్టి మార్జినాలిస్ చిప్పను పట్టె లేదను కారణమున కోరియానస్ అనుట న్యాయము కాదు. మూపును తీసికొందము. నీటిలోని బొగ్గుపులుసు ఆమ్లము ముసలి చిప్పల మూపును కొరికివేయును. పారేసియా చిప్ప వయసు మీరినచో ముడుతలన్నియు అరిగి తెల్లని గుంట మిగులును. అందుచేత మూపు గుర్తును లేతచిప్పలలో చూడవలెను. ముసలిచిప్పలలో కీలుపళ్లను నమ్మవలెను. ఇక ఆకృతి. నిలువనీటి చెరువులో పెరిగిన చిప్పయు, ప్రవాహములో పెరిగిన చిప్పయు ఒకే జాతివైనను ఉబ్బులో, మందములో తేడా పడును. అందుచేత ఒక చిప్పను కొలిచి తీర్పు చెప్పుటకన్న ఒకే చోట దొరికిన పది చిప్పలను కొలిచి, పొడవునకు ఎత్తునకు గల నిష్పత్తిని చూచుట మేలు.

ఈ చిక్కు పండితులను కూడ విడువలేదు. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాలో కూర్చుండి, భారతదేశమునుండి ఓడలపై వచ్చిన చిప్పలను చూచి పేర్లు పెట్టినవారు ఆకృతిలోని చిన్న మార్పునకు కూడ క్రొత్త జాతి అని పేరు పెట్టుచు వచ్చిరి. 1915లో ప్రెస్టన్ మన దేశపు మంచినీటి నత్తలను, ఆలుచిప్పలను ఒక సంపుటమున కూర్చెను. 1916లో భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ ఏర్పడిన పిమ్మట, దాని తొలి సంచాలకుడగు ఆనండేలు, ఆయనతో పనిచేసిన బైనీ ప్రసాదు స్వయముగా చెరువులు, నదులు వెదకి, పరిసరములనుబట్టి చిప్ప ఎట్లు మారునో పరిశీలించిరి. పెక్కు పేర్లు ఒకే జాతికి చెందినవని తేలినది. 1989లో ఎన్. వి. సుబ్బారావుగారు రచించిన మంచినీటి మృదుకాయముల కరదీపిక నేటికిని ఈ రంగమున పనిచేయువారికి చేతిపుస్తకము. ఇటీవల జీవకణములలోని వారసత్వ ద్రవ్యమును పరీక్షించు పద్ధతి వచ్చినది. అది ఒకే పోలికగల చిప్పలను కొన్నింటిని వేరుచేయుచు, వేరనుకొన్నవానిని కొన్నింటిని కలుపుచు ఉన్నది. అయినను ఏటి ఒడ్డున నిలిచినవానికి మొదటి ఆధారము చిప్పయే.

ముత్యముల సంగతికి వత్తము. భువనేశ్వరము సమీపమున కౌసల్యాగంగలో నున్న కేంద్రీయ మంచినీటి జీవుల పెంపక పరిశోధనసంస్థ 1987లో మంచినీటి ముత్యములపై పరిశోధన ప్రారంభించినది. వారు మన దేశమున పనికివచ్చునని ఎన్నుకొన్నవి మూడు జాతులు: మార్జినాలిస్, కోరియానస్, పారేసియా కారుగేటా. ముత్యమనగా లోపలి ముత్యపు పొర ఒక నలుసు చుట్టు పొరలు పొరలుగా చుట్టుకొనుటయే. పొర లేని చోట ముత్యము లేదు. కావున ఇసుకలోని కార్బికులా గుల్లలను బుట్టలకొలది తెచ్చి పెంచినను, కోడిగ్రుడ్డు పెంకువంటి తెల్లదనమే తప్ప మెరుగు రాదు. పారేసియాకు మెరుగు కలదు గాని చిప్ప చిన్నది. లోపల పూసను అమర్చుటకు చోటు తక్కువ. పూసను అమర్చుటకు సాధారణముగా ఎనిమిది సెంటీమీటర్లకు తగ్గని ఆరోగ్యవంతమైన చిప్పలను ఎన్నుకొందురు. ఆ కొలతకు వచ్చునవి లామెల్లిడెన్స్ చిప్పలు. చిన్న చిప్పలు చవుకగా వచ్చుచున్నవి, ఏడాదిలో పెరిగి ముత్యములిచ్చునని ఎవరైన చెప్పినచో, రైతు చేయవలసిన పని ఒక్కటే. నాలుగు చిప్పలు తెరచి మూపును, కీలుపళ్లను చూడవలెను. పళ్లు బలిసి మూపున ముడుతలున్నచో అవి పిల్లచిప్పలు కావు. అప్పటికే ఎదిగిన చిన్నజాతి.

ఇదే విద్య కొండలలోను పనికివచ్చును. మద్రాసు వైద్యశాఖలో పనిచేసిన మాల్కంసన్ అను వైద్యుడు నిర్మల్, ఉట్నూరు ప్రాంతపు కొండలలో, నల్లరాతి పొరల నడుమ, రాతిగా మారిన మంచినీటి గుల్లలను సేకరించెను. ఆయన వ్యాసము 1840లో లండను భూగర్భశాస్త్ర సంఘపు సంపుటములలో అచ్చయినది. ఆ గుల్లలకు సోవర్బీ పెట్టిన పేర్లలో యూనియో డెక్కనెన్సిస్ ఒకటి. అనగా దక్కను ఆలుచిప్ప. ఆ రాళ్ల వయసు సుమారు ఆరున్నర కోట్ల ఏండ్లని నేడు తెలిసినది. అంతకన్న ప్రాచీనమైనవి ఆసిఫాబాదు వైపు మాలేరి గ్రామపు ఎర్రమట్టి పొరలు. ఇరువది కోట్ల ఏండ్లకు పైబడిన ఆ పొరలలో దొరికిన ఆలుచిప్పలను సాహ్నీ, తివారి అను శాస్త్రజ్ఞులు 1958లో వర్ణించిరి. రాతిచిప్పకు రంగు లేదు, పసుపుపచ్చని పట్టె లేదు, చాల పర్యాయములు మెరుగును లేదు. మిగిలినవి ఆకృతి, మూపుపై ముడుతలు, కీలుపళ్లు, కండరముల మచ్చలు మాత్రమే. అట్టి చిప్పలు ఒక పొరలో దొరికినచో, ఒకప్పుడు అచ్చట సముద్రము కాక నదియో చెరువో ఉండెనని చెప్పగలుగుదురు. మన మూడు ప్రశ్నలలోని గుర్తులే ఇంతటి చరిత్రను నిలబెట్టుచున్నవి.

బ్రతికియున్న చిప్పల సంగతి చివరకు చెప్పుచున్నాము గాని, అది చిన్న సంగతి కాదు. లామెల్లిడెన్స్, పారేసియా వర్గముల పిల్లలు తల్లి మొప్పలలో కొంతకాలము పెరిగి, నీటిలోనికి విడువబడి, చేపల మొప్పలను, రెక్కలను అంటిపట్టుకొని కొన్నాళ్లు గడపును. పిదప జారి అడుగున పడి చిప్పగా జీవితమారంభించును. చేప దొరకని పిల్లకు బ్రతుకు లేదు. కావున చేపలు తగ్గిన నదిలో, పెద్దచిప్పలు ఇంకను కనబడుచున్నను, తరము అంతటితో ఆగియుండవచ్చును. కార్బికులాకు ఈ చిక్కు లేదు. దాని పిల్లలకు చేప అక్కరలేదు. ఏటి అడుగున కార్బికులా మాత్రమే విస్తారముగా ఉండి, పెద్దజాతుల లేతచిప్పలు బొత్తిగా కనబడనిచో, అది ఆలోచింపవలసిన సూచన.

ఎల్లంపల్లి కడ శ్రీపాద సాగర జలాశయము ఏర్పడిన పిమ్మట మంచిర్యాలకు ఎగువన గోదావరి నడక మారినది. ఒకచోట నీరు నిలిచి అడుగున ఒండ్రు చేరును. వేరొకచోట నీరు దిగి ఇసుక తేలును. ఇసుక తవ్వినచోట చిప్పలు ఇసుకతోపాటు లారీ ఎక్కును. ఇన్ని మార్పులలో ఏ జాతి నిలిచినది, ఏది తొలగినది అని చెప్పుటకు ఏటేట ఒకే చోట చూచినవారి లెక్కలు కావలెను. అట్టి లెక్కను ఒక పాఠశాల గాని, ఒక కుటుంబము గాని వ్రాయగలదు. దానికి కావలసినది ఒక పుస్తకము, ఒక కొలబద్ద, ఒక చిన్న భూతద్దము.

సేకరించు పద్ధతి ఇది. ఖాళీ చిప్పలనే ఏరవలెను. మూసికొన్న చిప్పలో ప్రాణముండును, దానిని తీసినచోటనే విడువవలెను. రెండు పలకలు కలిసియున్నవానిని వెదకవలెను. మంచినీటితో కడిగి నీడలో ఆరబెట్టవలెను. ఎండలో పెట్టినచో పైపొర పెట్లును. ప్రతి చిప్పతోపాటు దొరికిన స్థలము, తేదీ, నీటి అడుగు ఇసుకయా బురదయా అను వివరము కాగితముపై వ్రాసి ఉంచవలెను. స్థలము, తేదీ లేని చిప్ప ఎంత అందమైనదైనను బొమ్మలకొలువునకు తగినదే గాని సాక్ష్యమునకు తగినది కాదు. ఇంకొక మాట. ఆలుచిప్ప నీటిని వడగట్టి బ్రతుకునది గనుక, నీటిలోని మలినములు, లోహములు దాని మాంసమున నిలువ చేరును. మురుగు కలియు చోట దొరికిన చిప్పలను ఆహారముగా వాడరాదు.

రాబోవు వేసవిలో ఆవకాయ పెట్టు దినములలో అటకమీది పాత ఆలుచిప్ప క్రిందికి దిగునపుడు, పిల్లలను పిలిచి దాని లోపలి కీలును చూపుడు. రేకువంటి పళ్లు ఇంకను మిగిలియుండును. ఎడమపలకయా, కుడిపలకయా అని అడుగుడు. గట్లు రెండున్నచో ఎడమది, ఒకటియున్నచో కుడిది. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పిన పిల్లవాడు, ఏటి ఒడ్డున తరువాతి చిప్పను తానే త్రిప్పి చూచుకొనును.